వదిన డాట్ కామ్ బారసాల

మా అన్నయ్య భార్యను నేను వదినా అని పిలుస్తాను. ఇందులో వింతేమీ లేదు, ఆడపడుచులందరూ చేసే పనే. అయితే నా గొంతు కాస్త పెద్దది. మియాపూర్‌లో మేం అద్దెకున్న ఇంటి మేడమీద వదిన ఉంటే, కింద గేటు దగ్గర ఆటో దిగి "వదినా! చిల్లర!" అని నేను పెట్టే కేక వీధి చివరిదాకా వినపడేది. పక్క బిల్డింగ్ నిండా సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు. అందరూ బ్యాచిలర్లు. అన్నం వండుకోవడం వచ్చు, కూర వండుకోవడం రాదు. వదిన గోంగూరకు తాలింపు పెట్టినప్పుడల్లా ఆ కిటికీల్లో తలకాయలు మొలిచేవి. ఒకరోజు అందులో ఒక తలకాయ ధైర్యం చేసి, అచ్చం నాలాగే, "వదినా, కొంచెం పచ్చడి ఉంటే పెడతారా?" అని అడిగింది. అంతే. ఆ వారం తిరిగేసరికి వీధి మొత్తానికీ ఆవిడ వదిన అయిపోయింది.

అప్పుడు నేను మాదాపూర్‌లో ఉద్యోగం చేసేదాన్ని. రాళ్ల గుట్టల మధ్య కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల భవనాన్ని చూడ్డానికి జనం ఆదివారాలు పిల్లాజెల్లాతో వచ్చి, బయట నిలబడి ఫోటోలు దిగి, మొక్కజొన్న పొత్తులు తిని వెళ్లే రోజులవి. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లకు పిచ్చెక్కుతుందని లోకమంతా బెంబేలెత్తుతుంటే, ఆ బెంబేలు పుణ్యమా అని మాకందరికీ ఉద్యోగాలొచ్చాయి. నా క్యారియర్‌లో పచ్చడి మూత తీసీ తీయకముందే ఖాళీ అయ్యేది. ముందు రుచికి అడిగారు, తర్వాత ఒక సీసా అడిగారు, ఆ తర్వాత డబ్బులిస్తాం ఇవ్వమన్నారు. వదిన మొదట చెవులు మూసుకుంది. "పచ్చళ్లు అమ్ముకోవడమేంది, మా గుంటూరులో తెలిస్తే నవ్విపోరూ!" అంది. కొన్నాళ్లకే జాడీల మూతికి వాసెన గుడ్డ కట్టడానికి పాత పంచెలన్నీ అయిపోయి, అన్నయ్య కొత్త పంచెకు కత్తెర పెట్టింది.

సీసాల మీద ఏం పేరు వెయ్యాలా అని ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోలేదు. "వదిన" అని వేశాం. ఎరుపు మీద పసుపు అక్షరాలు, కింద వంకాయలాంటి బొమ్మ. అది మిరపకాయేనని ప్రెస్ వాడు ఒట్టేసి చెప్పాడు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. వదినకు అసలు పేరంటూ ఒకటుందన్న విషయం మా ఇంట్లో వాడుకలో లేదు. మా అమ్మకు ఆవిడ "అమ్మాయ్", నాకు వదిన, అన్నయ్యకు "ఇదిగో". అన్నయ్య ప్రభుత్వోద్యోగి, పద్ధతి గల మనిషి. నలుగురిలో భార్యను పేరు పెట్టి పిలవడమంటే ఆయనకు లుంగీతో ఆఫీసుకు వెళ్లినంత సిగ్గు. నేనెరిగి ఆ పేరు ఆయన పైకి అన్నది ఒక్కసారే. పెళ్లయి కొత్త జంట ఇంటికి వచ్చినప్పుడు, ఆడపడుచు హక్కు కొద్దీ నేను రెండు చేతులూ చాపి గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. "పేరు చెప్పందే లోపలికి రానివ్వను" అన్నాను. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. గొంతులో ఏదో గొణిగి, నా చేతి కింద నుంచి దూరి లోపలికి పారిపోయాడు. అది పేరో దగ్గో ఇప్పటికీ చెప్పలేను.

వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉండగా ఒక సాయంత్రం పక్క బిల్డింగ్ కుర్రాడొకడు నసుగుతూ మెట్లెక్కి వచ్చాడు. "వదినా, ఏమనుకోకండి, ఈసారి ఆవకాయలో ఉప్పు మరీ ఎక్కువైందండి" అన్నాడు.

వదిన ఆవకాయలో ఉప్పెక్కువా! మా ఇంట్లో ఫ్యాన్ ఆగిపోయినంత పనైంది. సీసా తెమ్మంటే తెచ్చాడు. దాని మీద "వదిన" అనే ఉంది. ఎరుపు మీద పసుపే. కానీ బొమ్మలో మిరపకాయ నిజంగా మిరపకాయలాగే ఉంది. దాంతో అది మాది కాదని తెలిసిపోయింది. కూకట్‌పల్లి రోడ్డు మీద కొత్తగా పెట్టిన దుకాణంలో కొన్నాడట.

వదిన వేలు ముంచి నాకి చూసింది. "పామాయిలు" అంది. మూత బిగించి సీసాను దూరంగా నెట్టింది. "నేను పెట్టని పచ్చడికి నేను మాట పడాలా? ఆ పేరు నాది. నాకది కావాలి" అంది. చీరకో గాజులకో ఏనాడూ పట్టుబట్టని మనిషి మొదటిసారి ఒకటి కావాలంది, అదీ ఒక మాట. ఆకాశం నుంచి దించైనా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాలనిపించింది నాకు.

ముందు అన్నయ్యకు తెలిసిన లాయరు గారి దగ్గరికి వెళ్లాం. ఆయన మా మాగాయకు పాత గిరాకీ. సీసా అటూ ఇటూ తిప్పి చూసి నవ్వేశారు.

"ట్రేడ్‌మార్కు కష్టమండీ. మా ఇంట్లోనే ఇద్దరు వదినలున్నారు. రేపు వాళ్లను పిలవాలంటే మీ పర్మిషన్ తీసుకోవాలా? ఊరందరూ వాడే మాటను ఒక్కరికి రాసివ్వరు."

"అయితే దారే లేదంటారా?" అంది వదిన.

"ఒకటుంది. ఆ మాట అనగానే జనానికి ఇంకెవరూ కాకుండా మీరే గుర్తొస్తారని రుజువు చూపించాలి."

"అదెంత పని! మా వీధిలో ఎవరినైనా అడగండి."

"మీరు అడిగిస్తే మీకు నచ్చినట్టే చెబుతారు కదమ్మా. అడిగేవాడు మీ మనిషి కాకూడదు, మీరు చెబితే అడగకూడదు. అలాంటివాడు ఎక్కడ దొరుకుతాడు?"

మర్నాడు ఆఫీసులో భోజనాల దగ్గర ఈ గోడు వెళ్లబోసుకుంటే మా టీమ్ లీడర్ ఎగిరి గంతేశాడు. కోర్టులూ లాయర్లూ ఎందుకు, ఇంటర్నెట్టులో మాట ఎవరు ముందు అడిగితే వాళ్లదేనన్నాడు. ఆ మధ్యాహ్నం మా బల్ల దగ్గర చూడాలి! లోకంలోని మామూలు మాటలన్నీ అన్నం ముద్దల మధ్య పంచేసుకున్నాం. ఒకడు ఇడ్లీ తనదన్నాడు. ఒకమ్మాయి శుభలేఖ అంది. పెరుగు కోసం ఇద్దరు కొట్టుకున్నారు. టీమ్ లీడర్ కంప్యూటర్‌లో వెతికి, "వదిన డాట్ కామ్ ఖాళీగానే ఉంది, తీసేసుకుందామా?" అన్నాడు. మా విభాగం మొత్తంలో క్రెడిట్ కార్డు ఉన్న మనిషి ఆయనొక్కడే. ఆ కార్డును మేం అప్పుడప్పుడూ అడిగి చేతిలోకి తీసుకుని చూసి మళ్లీ ఇచ్చేసేవాళ్లం.

నేను ఆనందం పట్టలేక అన్నయ్య ఆఫీసుకు ఫోన్ చేశాను. అన్నయ్య బిగుసుకుపోయాడు.

"ఇవాళ మంగళవారం! బుద్ధుందా నీకు? మంగళవారం పూట ఎవరైనా కొత్త పని మొదలుపెడతారా? ముహూర్తం పెట్టించాలి, నలుగుర్ని పిలవాలి. పేరంటే ఆషామాషీనా?"

సిద్ధాంతి గారు పంచాంగం తెరిచి, రిజిస్ట్రేషన్ ఎక్కడ జరుగుతుందని అడిగారు. అమెరికాలో అన్నాను. ఆయన పంచాంగం మూసేశారు. ఇక్కడ పగలైతే అక్కడ రాత్రి, ఇక్కడ ఏకాదశైతే అక్కడ ఇంకా దశమి ఉండొచ్చు, ఏ ఊరి తిథి చూడాలి? పెద్ద చర్చే నడిచింది. చివరికి మీట నొక్కే చెయ్యి మియాపూర్‌లో ఉంటుంది కాబట్టి మియాపూర్ లెక్కే చెల్లుతుందని ఆయనే తీర్పు చెప్పారు. ఆ పక్షంలో మంచి ముహూర్తం లేదన్నారు. వచ్చే పక్షంలో ఒక ఆదివారం కుదిరింది. ఇక ఏ మంత్రాలు చదవాలన్నది మిగిలింది. గృహప్రవేశమా? షాపు ప్రారంభమా? "పేరు పెడుతున్నారు కదా, ఇది బారసాలే" అని తేల్చేశారు.

అన్నయ్య కార్డులు అచ్చేయించాడు. నాలుగు మూలలా పసుపు పూసి, పైన వినాయకుడు, కింద "చిరంజీవి వదిన డాట్ కామ్ నామకరణ మహోత్సవం" అని, తేదీ, సమయం, స్థలం, విందు వివరాలతో సహా. మా ఆఫీసంతా పంచాను. పక్క బిల్డింగ్‌లో తలుపు తలుపుకూ ఇచ్చాం. అన్నయ్య ఎంత పద్ధతి గల మనిషంటే, కూకట్‌పల్లి రోడ్డు దుకాణం వాడికి కూడా బొట్టు పెట్టి మరీ ఒక కార్డు ఇచ్చి వచ్చాడు. శుభకార్యానికి అందర్నీ పిలవాలట.

ఇంటి ఓనరు గారికి మేం ముగ్గురం కలిసి వెళ్లి ఇచ్చాం. ఆయన కింది వాటాలో ఉండేవాడు. సొంతూరు గోపన్‌పల్లి. పొలాలు అమ్మి ప్లాట్లు కొని, ఆ ప్లాట్లను కాపాడుకోవడమే ఉద్యోగంగా పెట్టుకున్న పెద్దాయన. ఆ ఇంట్లో ఫోను ఆయనదే, కాబట్టి టీమ్ లీడర్ తెచ్చే కంప్యూటర్‌కు లైను కావాలంటే ఫంక్షన్ ఆయన హాల్లోనే జరగాలి. సంతోషంగా ఒప్పుకున్నాడు. కార్డు ముందూ వెనకా రెండుసార్లు చదివాడు.

"సార్, గిది ఇంక మీది కాలేదా?"

"లేదండీ. ముహూర్తానికి అవుతుంది."

"అంటే ఇప్పుడు ఖాళీగనే ఉన్నదా?"

"ఖాళీయేనండీ."

"మరి తారీఖు, టైము అన్నీ అచ్చేసి ఊరంత పంచుతున్నరా?"

"అవునండీ, అందర్నీ పిలుస్తున్నాం" అన్నాడు అన్నయ్య గర్వంగా.

ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, తల గోక్కుంటూ లోపలికి వెళ్లిపోయాడు. కార్డు నచ్చిందనుకున్నాం.

ఆ ఆదివారం తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వాగదు. కంప్యూటర్‌కు మామిడాకులు కట్టారు. మానిటర్‌కు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. టీమ్ లీడర్‌ను ముఖ్య అతిథిగా సోఫాలో కూర్చోబెట్టి, ఆయన కార్డును వెండి పళ్లెంలో తమలపాకు మీద పెట్టారు. వచ్చినవాళ్లంతా ముందు దానికి దణ్ణం పెట్టుకుని తర్వాత ఆయనకు నమస్కారం చేశారు. అన్నయ్య పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాయడానికి కూర్చున్నాడు. ముందు డబ్ల్యూ రాయాలన్నాను. ఒకటి రాసేసరికే పళ్లెం సగం నిండింది. మూడూ పట్టేసరికి పక్కన ఇంకో పళ్లెం తెచ్చి పెట్టాల్సి వచ్చింది. డాట్ దగ్గర పురోహితుడు గారు ఒక వక్క పెట్టించారు.

"ఇప్పుడు బిడ్డ చెవిలో మూడుసార్లు పేరు చెప్పండి" అన్నారాయన.

కంప్యూటర్‌కు చెవెక్కడుంది? అందరూ టీమ్ లీడర్ వైపు చూశారు. ఆయన బాగా ఆలోచించి ఫ్లాపీ పెట్టే సందు చూపించాడు. వదిన వంగి, ఆ సందులోకి, చంటిపిల్లకు చెప్పినంత గోముగా "వదిన డాట్ కామ్, వదిన డాట్ కామ్, వదిన డాట్ కామ్" అంది. బ్యాచిలర్లు అక్షింతలు వేశారు. అంతలో మోడెమ్ కీచుమని ఏడుపు అందుకుంది. "బిడ్డ ఏడుస్తున్నది, శుభం!" అంది ఓనరు గారి భార్య. పట్టు చీరలోని వదిన మొహం చూస్తే, ఆ క్షణాన అమెరికా మొత్తం రాసిచ్చినా చాలదనిపించింది నాకు.

లైను కలిసింది. సరిగ్గా ముహూర్తానికి వదిన పసుపు వేళ్లతో ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టింది. పేజీ మెల్లగా, పైనుంచి కిందికి, తెరచాటు నుంచి తొంగి చూసినట్టు వచ్చింది. టీమ్ లీడర్ లేచి దగ్గరికెళ్లాడు. ఆయన మొహం వాడిపోయింది.

"ఈ పేరు... ఎవరో తీసేసుకున్నారు."

పురోహితుడు గారు మంత్రం మధ్యలో ఆపేశారు. వదిన ఇంకా నవ్వుతూనే ఉంది, ఆ నవ్వు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. "తీసేసుకున్నారంటే?" అంది నన్ను చూసి. ఆవిడ నెమ్మదిగా వెనక్కి జరిగి, విందు వంటకని తెచ్చిన నూనె డబ్బా మీద కూర్చుంది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కోపం కూడా వచ్చింది, మా తెలివితక్కువతనం మీద. దొంగకు బొట్టు పెట్టి మరీ చిరునామా ఇచ్చి వచ్చాం కదా! కొందరు కూకట్‌పల్లి దుకాణం వాడేనన్నారు. ఇంకొందరు వెండి పళ్లెంలోని కార్డును అనుమానంగా చూశారు. టీమ్ లీడర్ దాని మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాడు.

"ఉండండి, ఎవరు తీసుకున్నారో చూడొచ్చు" అంటూ ఆయన ఏవో మీటలు నొక్కాడు. మళ్లీ ఆ పేజీ మెల్లగా దిగింది. ఆయన గట్టిగా చదవడం మొదలుపెట్టి తడబడ్డాడు.

"ఓనరు పేరు... వదిన. ఊరు మియాపూర్. ఇంటి నంబరు..." అని తలెత్తి గుమ్మం పైన పలక చూశాడు. "ఈ ఇంటి నంబరేనండీ!"

ఒక ముసలావిడ "రామ రామ" అనుకుంటూ కంప్యూటర్‌కు దూరం జరిగింది. అప్పుడు వెనక వరసలో ఓనరు గారు గొంతు సవరించుకున్నాడు.

"జర ఆగుండ్రి. పరేషాన్ కాకుండ్రి. అది నేనే పట్టిన."

అందరం ఆయన వైపు తిరిగాం.

"ఏంది సార్ గట్ల చూస్తరు? ఖాళీ జాగ ఉన్నదని, ఫలానా దినం వచ్చి తీస్కుంటమని కార్డులు అచ్చేసి పంచితే, కబ్జా చేసేటోడు ఊకుంటడా? నా ప్లాట్లు గిట్లనే పోయినయి. ఆ దినమే మా అల్లునికి ఫోన్ కొట్టిన. అమీర్‌పేటల కంప్యూటర్ల దుకాణం ఉన్నది వానికి. పొద్దుమూకకముందే చుట్టూ హద్దు కడీలు పాతిపిచ్చిన."

"మరి చెప్పలేదేమండీ?" అన్నాడు అన్నయ్య.

"చెప్తె మీరు ఫంక్షన్ బంద్ చేస్తరు గద! పులిహోర పోతది. ఇగ ఇది నా దిక్కెళ్లి చదివింపు." ఆయన కండువా సర్దుకుని వదిన ముందుకొచ్చాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా. అది నీదే. నీ అసలు పేరు మీదనే పెడదామనుకున్న. గని నీ పేరు నాకెర్క లేదు. మా ఇంటామెను అడిగిన, వదినె అన్నది. పక్కింటి పోరగాండ్లను అడిగిన, వదిన అన్నరు. కిరాణా దుకాణంల, ఇస్త్రీ బండి కాడ, ఆటో స్టాండుల అడిగిన. అందరు వదిననే అన్నరు. కిరాయి కాయితంల సార్ పేరున్నది. సార్ పేరు మీద పెడితే అది నీదెట్లయితది? అందుకే వదిన అనే రాయించిన."

వదిన నూనె డబ్బా మీద నుంచి లేవబోయి, లేవలేక, నవ్వుతూ ఏడ్చేసింది. అప్పుడు పులిహోర విస్తరి ముందు నుంచి లాయరు గారు గబగబా చేతులు కడుక్కుని లేచారు.

"ఎవరు అడగమన్నారండీ మిమ్మల్ని?"

"ఎవరు అడగమంటరు? నాకు నేనే అడిగిన."

"వీధి వీధంతా ఒకే మనిషిని చూపించిందా?"

"ఇంకెవర్ని చూపిస్తరు?"

లాయరు గారు అన్నయ్య చెయ్యి పట్టుకుని ఊపేశారు. "రుజువు దొరికిందండీ! ఈయన చేత, ఆ చెప్పినవాళ్లందరి చేత ప్రమాణపత్రాలు రాయించి రేపే ట్రేడ్‌మార్కుకు దరఖాస్తు పెడతాను. ఎన్నాళ్లు పట్టినా సరే, నిలబెడతాను." బ్యాచిలర్లు ఈలలు వేశారు. సంతకం ఎక్కడ పెట్టాలని అప్పుడే మీద పడ్డారు. ఆ కూకట్‌పల్లి వాడు లాయరు గారి మొదటి నోటీసుకే బోర్డు తీసేసి "పిన్నిగారి పచ్చళ్లు" అని మార్చుకున్నాడు, అది తర్వాతి మాట.

లాయరు గారు జేబులోంచి పెన్ను తీశారు. "దరఖాస్తులో మాత్రం అసలు పేరుండాలండీ. ఆవిడ పేరేంటి?"

హాలునిండా ఆవిడ చేతి తిండి తిన్నవాళ్లే, మా ఇంటివాళ్లకు తప్ప ఒక్కరికీ తెలియదు. అందరూ అన్నయ్య వైపు చూశారు. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. మెల్లగా వాకిలి వైపు జరుగుతున్నాడు. ఆ జరుగుడు నాకు బాగా తెలుసు. ఒక్క గెంతులో వెళ్లి రెండు చేతులూ చాపి గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"పేరు చెప్పందే బయటికి పోనివ్వను."

అన్నయ్య నా చేతి కింద ఉన్న సందు చూశాడు. వెనక్కి తిరిగి వదినను చూశాడు. పసుపు వేళ్లతో కళ్లు తుడుచుకోవడంతో ఆవిడ మొహమంతా పసుపైంది. ఏమైందో ఏమో, అన్నయ్య కండువా సర్దుకుని, ఆఫీసులో హాజరు పిలిచినట్టు, వీధి చివరిదాకా వినపడేలా, ఆవిడ పేరు చెప్పాడు.

దగ్గు కాదు, నిజంగా పేరే. ఎంత బాగుందో! వదిన రెండు చేతుల్లో మొహం దాచుకుంది. "ఇంకోసారి చెప్పండి" అంది వేళ్ల సందులోంచి. అన్నయ్య ఇంకోసారి చెప్పాడు.

ఆ పేరేమిటో ఇక్కడ రాయను. దాన్ని మేమింకా ఎక్కడా రిజిస్టర్ చేయించలేదు.